జికెవికె కృషి మేళాకు నాయనను తీసుకెళ్ళే ముందు ఆ ఎండిన కంది చెట్టు సంగతి చూడండి

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. గోరంట్ల దగ్గర పల్లెలో మా నాయనకు ఆరెకరాల మెట్ట, ఒక బోరు ఉన్నాయి. వేరుశనగ, కంది, కొంచెం రాగి వేస్తాడు. ఈ నవంబరులో ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు జికెవికె ఆవరణలో జరిపే కృషి మేళాకు నాయననూ, మా ఇద్దరు పిల్లలనూ తీసుకెళ్దామని ఉంది. ఒక్క రోజే వీలవుతుంది. ఏం చూడాలి, ఏం కొనాలి? నిజంగా ఉపయోగం ఉంటుందా, ఊరికే జాతరేనా? నాయనేమో "నాకేం పనక్కడ, కంది అక్కడక్కడా ఎండిపోతాంది, అది చూసుకోవాల" అంటున్నాడు.

జవాబు:

చివరి వాక్యం మీరు విసుగ్గా రాసినట్టున్నారు. మీ ప్రశ్న మొత్తంలో పనికొచ్చే మాట నాకు అదే కనిపించింది. మీ నాయనకు మేళాలో పని లేదని ఎవరన్నారు? ఆ ఎండిన కందే ఆయన పని. దాన్ని వెంటబెట్టుకుని పోతే మేళా, ఉత్త చేతులతో పోతే జాతర. జాతర కూడా తప్పేం కాదనుకోండి, పిల్లలు సంతోషిస్తారు.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణ ఉద్యోగం, అంటే కొత్త పద్ధతులు రైతులకు చేరవేసే పని, చేసి రిటైరయ్యాను. రైతులకు శిక్షణలు, యాత్రలు ఏర్పాటు చేసే ఆత్మ పథకం కింద వాళ్ళను బస్సెక్కించుకుని ఈ మేళాకు చాలాసార్లు పోయాను. రిటైరయ్యాక నా సొంత నాలుగెకరాల కోసం కూడా పోతున్నాను. బస్సులో నలభై మందిమి బయల్దేరేవాళ్ళం. సాయంత్రానికి ఒక్కొక్కరి సంచిలో కిలో బరువు కరపత్రాలు తేలేవి. వారం తిరక్కుండా ఆ కాగితాల్లో ఇంటావిడ బెల్లం చుట్టి పెట్టేది. ఏ నలుగురో మాత్రం వచ్చే వానాకాలానికి చేలో ఏదో ఒకటి మార్చేవాళ్ళు. ఆ నలుగురూ ఎవరో పోయేటప్పుడే తెలిసిపోయేది. వాళ్ళ దగ్గర అడగడానికి ఒక ప్రశ్న ఉండేది.

ఒక ఏడు తలుపుల మండలం వైపు నుంచి ఒక పెద్దాయన గోనెసంచిలో రెండు ఎండిన కంది చెట్లు చుట్టుకుని బస్సెక్కాడు. దోవ పొడుగునా అందరూ నవ్వుతానే ఉన్నారు, "ఏమప్పా, మేళాకు కట్టెలు మోస్తాండావే" అని. ఆయన పట్టించుకోలేదు. మేళాలో రైతుల సందేహాలు తీర్చడానికి శాస్త్రవేత్తలు కూర్చునే చోటుకు నేరుగా పోయి బల్ల మీద ఆ చెట్లు పెట్టాడు. అక్కడున్న శాస్త్రవేత్త, నడివయసు ఆమె, ముందు కాండం బయట చూసింది. నేల దగ్గర నుంచి పైకి ఊదారంగు పట్టీ ఒకటి పాకి ఉంది. తర్వాత బ్లేడుతో మొదలు దగ్గర బెరడు గీకి, కాండాన్ని నిలువునా చీల్చింది. లోపల తెల్లగా ఉండాల్సిన చెక్కలో పెన్సిలుతో గీసినట్టు నల్లటి చారలు. "ఎండు తెగులు. ఇది నేలలో ఉండే బూజు. పైన ఎన్ని మందులు కొట్టినా దీనికి తగలవు" అంది. అప్పటికే ఆయన అంగడాయన మాట విని రెండు సార్లు స్ప్రే చేయించి ఉన్నాడు. "ఈ చేలో కంది ఎన్నేళ్ళ నుంచి?" అని అడిగితే "మా జేజినాయన కాలం నుంచి" అన్నాడు. నవ్వినవాళ్ళంతా ఈసారి ముందుకు వంగి విన్నారు. వాళ్ళ చేలల్లోనూ అదే కథ మరి.

ఆమె చెప్పింది పెద్ద రహస్యమేమీ కాదు. ఆ బూజు పాత మోళ్ళలో, వేర్లలో మూడేళ్ళ దాకా బతికే ఉంటుంది. అందుకని ఆ తావులో రెండు మూడేళ్ళు కంది మానాలి, లేదా జొన్న కలిపి వేయాలి. ఎండిన చెట్లను చేలోనే వదలకుండా వేర్లతో సహా తీసేయాలి. తెగులు తట్టుకునే రకం వెయ్యాలి. ఎండు తెగులుకు మారుతి అనే ఐసిపి 8863, ఎండు తెగులుతో పాటు, చెట్టుకు పూత రాకుండా చేసే వెర్రి తెగులును కూడా తట్టుకునే ఆశ అనే ఐసిపిఎల్ 87119 పాతకాలం నుంచీ ఉన్నవే, ఆ తర్వాత వచ్చినవీ ఉన్నాయి. తెగులు బూజును అణిచే మంచి బూజు ట్రైకోడెర్మాను రెండు కిలోలు తీసుకుని, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, తడి ఆరకుండా వారం పది రోజులు నీడన ఉంచి, ఎకరా చేలో చల్లుకోవాలి. నేనే ఇరవై ఏళ్ళ నుంచి ఊరూరా మైకులో చెప్తున్న మాటలివి. నేను చెప్తే ఆ పెద్దాయన వినలేదు. చీల్చిన కట్టెలో నల్ల చార కళ్ళతో చూశాక విన్నాడు. ఆ చెలకలో జొన్న వేశాడు. మూడేళ్ళకు మళ్ళీ కంది వేస్తే చెట్లు చావడం బాగా తగ్గిందన్నాడు, పూర్తిగా పోలేదు.

మీ నాయన కందికి వచ్చింది కూడా ఇదేనని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. పూత, పిందె దశలో అక్కడొకటి ఇక్కడొకటి ఎండుతుంటే మొదట అనుమానం దీని మీదకే పోతుంది. కానీ చెదలు తిన్నా ఎండుతుంది, నీళ్ళు నిలిచిన పల్లంలో కాండం మీద మచ్చ చుట్టేసినా ఎండుతుంది. అందుకే చెట్టును తీసుకెళ్ళమంటున్నా. ఫోన్లో ఫొటో చూపిస్తే ఏ శాస్త్రవేత్త అయినా "ఇది కావచ్చు, అది కావచ్చు" అంటాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, వేరు కనపడని ఫొటోలో ఏం చూస్తాడు?

ఇక ప్రయాణం. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. దాని జికెవికె ఆవరణ హెబ్బాళ ఫ్లైఓవరు దాటాక, యలహంక రాకముందు, బళ్ళారి రోడ్డు మీదే ఉంటుంది. అంటే మన 44వ నంబరు హైవేనే. గోరంట్ల నుంచి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే ఎక్కితే బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి దాటి నేరుగా గేటు ముందుకే వస్తారు. సిటీ ట్రాఫిక్‌లోకి పోయే పనే లేదు. రైలయితే హిందూపురంలో ఎక్కి యలహంకలో దిగి ఆటో పట్టుకోవచ్చు. నాయనను ముందు రోజే మీ ఇంటికి రప్పించుకోండి. తెల్లారుజామున పల్లెలో బయల్దేరి పగలంతా నడిచి, రాత్రికి మళ్ళీ పల్లె చేరాలంటే ఆ వయసు వాళ్ళకు కష్టం. ఆవరణ వేయి ఎకరాల పైనే. మేళా జరిగే భాగం ఒక్కటే చూసినా కాళ్ళు పీకుతాయి.

మేళా సాధారణంగా నాలుగు రోజులు, ఎక్కువసార్లు గురువారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందే చూసుకోండి. మొదటి రోజు మంత్రులు, మైకులు, దండలు. శని, ఆదివారాల్లో బెంగళూరు బెంగళూరంతా అక్కడే ఉంటుంది. సెల్ఫీలు తీసుకునేవాళ్ళ మధ్య నుంచి రాగి చేను చూడాలంటే మునికాళ్ళ మీద నిలబడాలి. పిల్లలకు ఒక రోజు స్కూలు మాన్పించినా సరే, శుక్రవారం పొద్దున్నే తొమ్మిదికల్లా లోపల ఉండండి. నవంబరు గనక వాన పడే అవకాశం ఉంది. పడిందంటే ఆ ఎర్రమట్టి చెప్పుకు అరంగుళం మందాన పట్టేస్తుంది, కొత్త బూట్లు వద్దు.

భాష గురించి టెన్షన్ పడొద్దు. కోలారు, చింతామణి, బాగేపల్లి రైతులు సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. స్టాళ్ళలో ఎవరో ఒకరు తెలుగు వచ్చినవాళ్ళు తగులుతారు. మీ నాయన తెలుగు చదవగలిగితే కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదివేస్తాడు. మాటలు మాత్రం కొన్ని తికమక పెడతాయి. తొగరి అంటే కంది. అవరె అంటే అనప. నవణె అంటే కొర్ర. హురుళి అంటే ఉలవ. కడలె అంటే శనగ, కడలెకాయి అంటే వేరుశనగ. మా బస్సులో ఒకతను మొదటిదాన్ని రెండోదనుకుని శనగల వరుసలో అరగంట నిలబడ్డాడు. "తళి" అని కనిపిస్తే రకం అని అర్థం. ఆ ఒక్క మాట తెలిస్తే మిగతా బోర్డు అర్థమైపోతుంది.

పొద్దున పూట స్టాళ్ళ వైపు అసలు పోవద్దు. అవి సాయంత్రం దాకా ఎక్కడికీ పోవు. ముందు కంది చెట్టు చూపించుకుని, ఎండ ముదరకముందే ప్రదర్శన చేలకు పోండి. మేళాకు అసలు ప్రాణం అక్కడుంది. రకం పక్కన రకం, పేరు రాసిన బోర్డుతో నిలబెట్టి ఉంటాయి. నవంబరుకు రాగి కోతకొచ్చి ఉంటుంది, కంకి ఎట్లుందో చేత్తో పట్టి చూడొచ్చు. జిపియు-28, ఎంఆర్-6, ఎంఎల్-365 లాంటివి మన సరిహద్దు రైతులకు కొత్తేం కాదు. జిపియు-28కు పేరొచ్చింది అగ్గితెగులును తట్టుకున్నందుకే. మెడ దగ్గర విరిగిన కంకి ఎన్ని పుట్ల ఆశను పడగొడుతుందో మీ నాయనకు నేను చెప్పాలా? పాత తరం వాళ్ళు ఇండాఫ్ రాగి అంటుంటారు కదా, ఆ పేరులో ఇండియా, ఆఫ్రికా రెండూ ఉన్నాయి. మండ్య దగ్గర వి.సి. ఫారం అనే పరిశోధనా కేంద్రంలో సి.హెచ్. లక్ష్మణయ్య గారు మన రాగినీ ఆఫ్రికా రాగినీ సంకరం చేసి తీసిన రకాలవి. కర్ణాటకలో ఆయన్ని రాగి బ్రహ్మ అని ఊరికే అనలేదు. రాగి పువ్వు ఎంత సన్నగా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్ళకు, దాన్ని సంకరం చేయడమంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఏటా మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే, మోసం చేసేవాళ్ళు ఎవరూ లేకుండానే మోసపోతారు. బెంగళూరులో ఏడాదికి 900 మిల్లీమీటర్లు పైగా వాన పడుతుంది. మన అనంతపురం సీమలో 550 పడితే మంచి ఏడు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన చల్లగా ఉండే చోటు. అక్కడ మోకాలెత్తు పచ్చగా నవ్వుతున్న పైరు మీ చేలోకొచ్చి అదే నవ్వు నవ్వదు. కాబట్టి ఏ రకం నచ్చినా దిగుబడి ఎంత అని మొదట అడగొద్దు. "పూత టైములో ఇరవై రోజులు వాన రాకపోతే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు చెప్పే మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించాడంటే ఆ మనిషితో ఇంకో పది నిమిషాలు మాట్లాడండి. గడగడా చెప్పేశాడంటే నమస్కారం పెట్టి ముందుకు నడవండి. వేరుశనగ విషయంలోనైతే అంత దూరం వెతకడమెందుకు, మీ పక్కనే కదిరి పరిశోధనా స్థానం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి అక్కడ పుట్టినవే. మీ వానకూ మీ మట్టికీ తూగినవి. జికెవికెలో వేరుశనగ వరుసను ఒక చూపు చూసి వదిలేయండి.

నేనైతే అనప దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మన నాటు అనప చలికాలంలో పొద్దు కురచబడితేనే పూతకొస్తుంది. అందుకే పితికిపప్పు కూర మనకు సంక్రాంతి అటూ ఇటూ నెలల్లోనే. హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 అని ఈ విశ్వవిద్యాలయం వాళ్ళు తీసిన రకాలకు ఆ పట్టింపు లేదు, ఏ కాలంలో వేసినా పూస్తాయి. బోరు కింద పావెకరా వేసుకుంటే ఎండాకాలంలో కూడా కాయ అమ్ముకోవచ్చు. నేను వేశాను. కాపు బాగుంది, ధర కూడా పలికింది. మా ఇంటావిడ మాత్రం ఒక కాయ ఒలిచి, వాసన చూసి, "సొన వాసనేదీ?" అని పక్కన పెట్టింది. ఆమె చెప్పింది నిజమే. నాటు అనప ఒలిచిన వేళ్ళకు అంటుకునే ఆ జిగట వాసన దీనికి అంతగా లేదు. అమ్మడానికి ఇది, తినడానికి గట్టు మీద అది అని రాజీకొచ్చాం.

కొనడం గురించి. విశ్వవిద్యాలయం విత్తనాలు అమ్మే కౌంటరు ఉంటుంది, క్యూ కూడా ఉంటుంది. కొంటే అక్కడ కొనండి. ఎక్కడ కొన్నా సంచికి కుట్టిన ట్యాగు చూడండి. రకం తీసినవాళ్ళిచ్చే మూల విత్తనం బ్రీడరు, దానికి బంగారు పసుపు. దాన్నుంచి పెంచిన ఫౌండేషనుకు తెలుపు, ఆ తర్వాత రైతుకు అమ్మే సర్టిఫైడుకు నీలం. లేత ఆకుపచ్చదైతే అమ్మేవాళ్ళు తమ పూచీ మీద రాసుకున్న లేబులు. నీలం ట్యాగు మీద మొలక పరీక్ష తేదీ ఉంటుంది. మామూలుగా అక్కడి నుంచి తొమ్మిది నెలలే దానికి గడువు. ఇప్పుడు లెక్క వేయండి. మీ నాయన రాగి వేసేది వచ్చే జులైలో. పరీక్ష ఆగస్టులో జరిగిన సంచి నవంబరులో కొంటే మే నెలకే గడువు తీరిపోతుంది. అక్టోబరుదైతే జులైకి అందుతుంది. మేళా సందడిలో ఈ తేదీ చూసేవాళ్ళు వందలో ఒకరుండరు. రాగికి పెద్ద బస్తా కూడా అక్కర్లేదు, నారు పోసి నాటితే ఎకరాకు రెండు కిలోలు, వెదజల్లితే మూడు నాలుగు చాలు. ట్రైకోడెర్మా, పప్పు పైర్ల వేర్లకు నత్రజని పట్టిచ్చే రైజోబియం లాంటివి ప్రాణమున్న సరుకు. తయారీ తేదీ చూసి కొనండి. కొన్నాక కారు డిక్కీలో ఎండకు వదిలేశారంటే ఇంటికి చేరేది ఉత్త పొడి.

బిల్లు లేకుండా మాత్రం పూచిక పుల్ల కూడా కొనొద్దు. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఊరందరికీ చెప్పే నేనే ఒకసారి తప్పు చేశాను. ఒక మేళాలో, ఏ మేళానో ఇప్పుడెందుకు, బయటి వరసలో ఒక నర్సరీ వాళ్ళు బొప్పాయి మొక్కలు అమ్ముతున్నారు. పేరున్న హైబ్రిడ్ రకం పేరు చెప్పారు. మొక్క నిగనిగలాడుతోంది, రేటు కూడా తక్కువ. రెండు వందల మొక్కలు ఆటోలో వేసుకొచ్చాను. బిల్లు అడిగితే "పుస్తకం అయిపోయింది సార్, కార్డు తీసుకోండి" అన్నాడు. సరేలే అనుకున్నా. అయిదో నెలలో పూత వచ్చింది. బొప్పాయిలో ఆడపువ్వు ఆకు చంకలోనే, కాడకు అతుక్కున్నట్టు లావుగా కూర్చుంటుంది. మగపూలు జానెడు బారు తీగలకు గుత్తులుగా వేలాడతాయి. పొద్దున చేలోకి పోయి చూస్తే చెట్టు తర్వాత చెట్టు ముత్యాల దండలు వేసుకున్నట్టు మగపూల తీగలే. లెక్కపెడితే తొంభై పైన. ఏదో మామూలు కాయ గింజలు మొలకెత్తించి అమ్మేశాడని అప్పుడు అర్థమైంది, ఆ గింజలకు సగానికి సగం మగచెట్లు రావడం మామూలే. కార్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బిల్లూ లేదు, లాట్ నంబరూ లేదు, ఎవరి మీద ఫిర్యాదు చేస్తాను? ఆ చెట్లు నరికేటప్పుడు మా కూలాయన "సార్, మీరే గదా మాకు బిల్లు తీసుకోమని చెప్పేది" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు.

యంత్రాల వైపు పిల్లలూ నాయనా ఇద్దరూ లాక్కెళ్తారు. వేరుశనగ బుడ్డలు ఒలిచే మిషన్లు, కలుపు తీసే పవర్ వీడర్లు, చిన్న ట్రాక్టర్లు, ఈమధ్య డ్రోన్లు. చూడండి, తాకండి, ఎక్కి కూర్చోండి. అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు. పవర్ వీడరు మెత్తటి మడిలో తిప్పి చూపిస్తారు. మీ గోరంట్ల ఎర్రచెలకలో గుండ్రాళ్ళకు తగిలితే బ్లేడు ఎన్నాళ్ళుంటుంది, కొత్త బ్లేడు ఎంత, హిందూపురంలోనో కదిరిలోనో బాగుచేసేవాడున్నాడా అని అడగండి. ఈ మూడింటికీ సరైన జవాబు దొరక్కపోతే ఆ మిషను రెండో ఏటికి కొట్టంలో కోళ్ళకు నీడవుతుంది. ఇంకో సంగతి. స్టాల్లో "సబ్సిడీ పోను ఇంతే" అని రాసి ఉంటుంది. ఆ సబ్సిడీ కర్ణాటక రైతులకు. ఆంధ్రా పాసుబుక్కుకు అక్కడ పైసా రాదు. మీ నాయనకు సబ్సిడీ కావాలంటే మన రైతు సేవా కేంద్రంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. కొటేషను, మోడల్ నంబరు రాసుకుని రండి, చాలు. డ్రోను సంగతంటారా, ఆరెకరాలకు కొనే వస్తువు కాదది. అద్దెకు దొరికితే కొట్టించుకోవడం వేరు.

భోజనానికి పన్నెండు దాటకముందే పోండి. రాయితీ ధరకు రాగిముద్ద భోజనం పెడతారు. ఒంటిగంటకు పోతే క్యూ చూసే కడుపు నిండుతుంది. మీ నాయన ముద్ద తిని తప్పకుండా ఒక మాట అంటాడు, "ఇది సంగటి కాదు" అని. వాళ్ళు ఉత్త పిండితో చేస్తారు, మనం నూకలు ఉడికించి అందులో పిండి వేసి కెలుకుతాం. ఏది గొప్పదన్న చర్చ మా బస్సులో ఏటా చిక్కబళ్ళాపురం దాకా సాగేది. నా ఓటు మన సంగటికే, కానీ వాళ్ళ ఆకుకూర చారుకు మాత్రం వంక పెట్టలేను.

మధ్యాహ్నం పిల్లలది. పశువుల వైపు తీసుకెళ్ళండి. హళ్ళికార్ ఎద్దును పిల్లలకు చూపించి, కొమ్ములు ఎక్కడ మొదలై ఎటు పోతున్నాయో గమనించమనండి. నుదుటి మీద దగ్గర దగ్గరగా పుట్టి, వెనక్కి వాలి, చివర్లు మళ్ళీ ముందుకు వంగుతాయి. మన ఒంగోలు గిత్తకు కొమ్ము పొట్టి, మూపురం గోపురం. ఆ తేడా మీ నాయనే చెప్తాడు, చెప్పనివ్వండి. ఆ రోజంతటిలో ఆయన మాట్లాడేదీ మనవలు వినేదీ అక్కడే. 2021 మేళాలో కృష్ణ అనే హళ్ళికార్ కోడెకు కోటి రూపాయల ధర అని పేపర్లన్నీ రాశాయి. ఆ ఏడు దాని చుట్టూ ఉన్న జనంలో నాకు తోక కూడా కనపడలేదు. కోటి ఇచ్చి ఎవరు కొంటారన్నది వేరే మాట. ఆ కోడె పేరు చెప్పి ఆ జాతి పేరు సిటీ పిల్లల నోట్లో కూడా పడింది, అది మాత్రం నిజంగా జరిగిన మేలు. గొర్రెల్లో బన్నూరు గొర్రె ఉంటే వదలొద్దు. పొట్టి కాళ్ళు, పీపాలాంటి ఒళ్ళు, వెనక నుంచి చూస్తే బోర్లించిన గుర్రపు లాడం. మన నెల్లూరు గొర్రె దేశంలోనే ఎత్తయినది, దాని పక్కన దీన్ని నిలబెడితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మాంసానికి మాత్రం దీన్ని చూసి నవ్వేవాళ్ళు లేరు. పట్టుపురుగులుంటే పిల్లల అరచేతిలో ఒకటి పెట్టించండి. గరుకుగా ఉంటుందనుకుంటారు, చల్లగా మెత్తగా ఉండేసరికి ముఖాలు మారిపోతాయి.

ఇదంతా అయ్యాక, ఓపిక మిగిలితే స్టాళ్ళు. డ్రిప్పు వాళ్ళ దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగి, పైపుల్లో ఉప్పు పేరుకుంటే ఏం చేయాలో అడగండి. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రంధ్రాలు పూడుకుపోయి పైపులు మూలపడేది దానివల్లే. మిగతావి చూసినా సరే, చూడకపోయినా నష్టం లేదు. నాలుగింటికి బయటపడండి, ఆ తర్వాత గేటు దగ్గర కారు కదలదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని. మేళాకు రెండు రోజుల ముందు నాయనకు ఫోన్ చేయండి. పూర్తిగా ఎండిన చెట్టు వద్దు, అందులో తెలిసేది తక్కువ. ఒక పక్క కొమ్మ వాడి, ఇంకో పక్క పచ్చగా ఉన్న చెట్టు ఒకటి, ఇప్పుడిప్పుడే తల వాలుస్తున్నది ఒకటి, దాని పక్కనే ఆరోగ్యంగా ఉన్నది ఒకటి, మొత్తం మూడు కావాలి. చేత్తో లాగితే వేరు తెగి నేలలోనే ఉండిపోతుంది. గడ్డపారతో చుట్టూ జానెడు దూరంలో పొడిచి, మట్టి గడ్డతో సహా లేపమనండి. నీళ్ళతో కడగొద్దు. పాత పేపర్లో చుట్టి గోనెసంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవరులో పెడితే ఉక్కకు మర్నాటికే కుళ్ళు వాసన కొడుతుంది. చిన్న చీటీ మీద చేను పేరు, ఎప్పుడు విత్తాడు, ఏ రకం, పోయినేడు ఆ చేలో ఏముంది అని రాసి లోపల వేయమనండి. పెన్ను వద్దు, తడికి అలుక్కుపోతుంది. పెన్సిలుతో రాయమనండి.